‘చూడుము’ వ్యాకరణం: సమష్టిగా రాసే సాఫ్ట్‌వేర్ కరదీపికలలో నిర్దేశాల ఏకరూపత

వ్యాస సంగ్రహం

పలువురు కలిసి రాసే సాఫ్ట్‌వేర్ కరదీపికలలో పాఠకుడిని ఒక భాగం నుంచి మరొక భాగానికి పంపే నిర్దేశాల తీరును ఈ వ్యాసం పరిశీలిస్తుంది. యూనిక్స్ కరదీపిక, టెక్స్‌ఇన్ఫో, పైథాన్ డాక్యుమెంటేషన్ అనే మూడు సంప్రదాయాలను విమర్శకు తీసుకుని, నిర్దేశంలో చిరునామా వేరు, పలుకు వేరు అని ప్రతిపాదిస్తుంది. చిరునామా రచయితలందరికీ ఒకటే కావాలి. పలుకు ఆయా భాషల వ్యాకరణానికి లోబడి ఉండాలి. ఈ భేదాన్ని పాటించని చోట తెలుగు వాక్యానికి కలిగే చిక్కులను, వాటికి మన నిఘంటు, వ్యాకరణ సంప్రదాయాలలోనే ఉన్న పరిష్కారాలను వివరిస్తుంది.

కీలక పదాలు: నిర్దేశం, సమష్టి రచన, కరదీపిక, ఔపవిభక్తికం, అనుకరణం, అనువాదం.

1. ఉపోద్ఘాతం

గ్రంథంలో ఒక చోట చదువుతున్న పాఠకుడిని మరొక చోటికి పంపే మాటను క్రాస్ రెఫరెన్స్ అని వ్యవహరిస్తున్నాం. ఈ వ్యాసంలో దానిని ‘నిర్దేశం’ అంటాను. తెలుగు అధ్యయనపరులకు నిర్దేశం కొత్త విషయం కాదు. నిఘంటువులోని ‘చూ.’ అనే పొట్టి సంకేతం, వ్యాఖ్యానంలో ముందు వచ్చిన సూత్రాన్ని స్మరింపజేసే వాక్యం, పరిశోధన వ్యాసంలో ‘పైన పేర్కొన్నట్లు’ అనే పదబంధం, ఇవన్నీ నిర్దేశాలే. ఒకే రచయిత రాసిన గ్రంథంలో ఇవి పెద్దగా ఇబ్బంది పెట్టవు. తాను ఏది ఎక్కడ చెప్పాడో రచయితకు తెలుసు. రచయితలు పలువురైనప్పుడు పరిస్థితి మారుతుంది. ఒకరు పంపిన చోటును మరొకరు మార్చివేయవచ్చు, పేరు తిరగరాయవచ్చు, పూర్తిగా తొలగించవచ్చు. పంపినవారికి ఆ సంగతి తెలియదు. దారి తప్పేది పాఠకుడు.

మన భాషలో ఇటువంటి సమష్టి కృషికి సూర్యరాయాంధ్ర నిఘంటువు పెద్ద ఉదాహరణ. జయంతి రామయ్య పంతులు సంపాదకత్వంలో పండితుల బృందం కూర్చిన ఆ నిఘంటువు తొలి సంపుటం 1936లో వచ్చింది. తరువాతి సంపుటాలు దశాబ్దాల పాటు వెలువడ్డాయి. అటువంటి కూర్పులో అకారాది పదం దగ్గర ‘చూ.’ అని వకారాది పదాన్ని చూపితే, అది ఇంకా అచ్చు కాని సంపుటం తరఫున ఇచ్చిన మాట అవుతుంది. ఆ మాట నిలబెట్టవలసినవారు వేరొక తరం సంపాదకులు కావచ్చు. సమష్టి రచనలో ప్రతి నిర్దేశమూ ఇతరుల పక్షాన చేసే వాగ్దానమే.

నేడు ఈ వాగ్దానాలు అత్యధికంగా జరిగే రచన సాఫ్ట్‌వేర్ డాక్యుమెంటేషన్. ఒక ప్రోగ్రామును ఎలా స్థాపించాలో, ఎలా వాడాలో, లోపం వస్తే ఏం చేయాలో వివరించే కరదీపికలను వేర్వేరు దేశాల్లో ఉన్నవారు, ఒకరినొకరు ఎన్నడూ చూడనివారు కలిసి రాస్తున్నారు. ఇది విస్తారమైన వచనం. దానికి శైలి ఉంది, నియమాలు ఉన్నాయి, విఫలమయ్యే తీరులూ ఉన్నాయి. అందువల్ల దానిని సాంకేతిక శాస్త్రానికి విడిచిపెట్టక వచన రచనగా విమర్శించడం భాషాసాహిత్య శాఖల పని కూడా. పైగా ఈ కరదీపికలు తెలుగులోకి వచ్చినప్పుడు ఎదురయ్యే ప్రధానమైన చిక్కు మన వ్యాకరణానికి సంబంధించినదే అని ఈ వ్యాసం చూపదలచింది.

పరిశీలనకు నాలుగు ప్రశ్నలను ప్రమాణంగా తీసుకుంటున్నాను. నిర్దేశం దేనిని పట్టుకుని చోటును గుర్తిస్తుంది? పాఠకుడు అక్కడికి ఎందుకు వెళ్ళాలో చెబుతుందా? గమ్యం మారినప్పుడో పోయినప్పుడో ఎవరికి తెలుస్తుంది? వేరొక భాషలోకి మార్చినప్పుడు ఆ వాక్యం వాక్యంగా మిగులుతుందా?

2. యూనిక్స్ కరదీపిక: కారణం చెప్పని నిర్దేశం

బెల్ ప్రయోగశాలలో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ రూపొందించిన యూనిక్స్ వ్యవస్థకు తొలి కరదీపిక 1971 నవంబర్ 3 తేదీతో వెలువడింది. అందులో ప్రతి ఆరోపానికీ స్థిరమైన శీర్షికలు ఉన్నాయి: పేరు, వాడే తీరు, వివరణ, సంబంధిత దస్త్రాలు, తెలిసిన లోపాలు, ఆ ఆరోపం బాధ్యులు. వీటితో పాటు ‘సీ ఆల్సో’, అంటే ‘ఇవి కూడా చూడండి’ అనే శీర్షిక కూడా అప్పుడే ఉంది. నిర్దేశానికి పుటలో ఒక స్థానం కేటాయించడం, ప్రతి ఆరోపానికీ ఒక బాధ్యుడిని పేర్కొనడం సమష్టి రచనకు వేసిన గట్టి పునాదులు.

ఈ సంప్రదాయంలో చిరునామా నిర్మాణం సులభం. పేరు పక్కన కుండలీకరణంలో విభాగ సంఖ్య ఉంటుంది. ‘పాస్‌వర్డ్’ను మార్చే ఆదేశానికీ, ఖాతాల వివరాలు ఉండే దస్త్రానికీ ‘పాస్‌డబ్ల్యూడీ’ అన్నదే పేరు. మొదటిది 1వ విభాగంలోనిది, రెండవది 5వ విభాగంలోనిది. సంఖ్య లేకపోతే రెండింటికీ తేడా తెలియదు. నానార్థ పదాలకు నిఘంటుకారుడు 1, 2 అని అంకెలు వేసి ఆరోపాలను వేరు చేయడం వంటిదే ఇది. పుట సంఖ్య మీద ఆధారపడకపోవడం వల్ల కూర్పులు మారినా చిరునామా చెడలేదు. అర్ధశతాబ్దం దాటినా ఈ పద్ధతి వాడుకలో నిలవడానికి ఆ సరళతే కారణం.

అయితే రెండవ ప్రశ్నకు ఈ సంప్రదాయం తృప్తికరమైన సమాధానం ఇవ్వదు. ‘ఇవి కూడా చూడండి’ కింద సాధారణంగా ఉండేది పేర్ల వరుస మాత్రమే. ఒక పేరు ప్రత్యామ్నాయాన్ని సూచించవచ్చు, మరొకటి పూర్వజ్ఞానాన్ని, ఇంకొకటి కేవలం పోలికను సూచించవచ్చు. ఆ సంబంధం ఏమిటో వరుస చెప్పదు. సమష్టి రచనలో ఇటువంటి వరుస పెరుగుతుందే తప్ప తరగదు. చేర్చడానికి కారణం అడిగేవారు లేరు. తీసివేయాలంటే ఎందుకు చేర్చారో తెలియాలి, అది ఎక్కడా నమోదు కాలేదు. నిఘంటువులో ‘చూ.’ అన్నప్పుడు అర్థం అక్కడ ఉందని పాఠకుడికి తెలుసు. ఇక్కడ అంతటి భరోసా లేదు. సంబంధాన్ని పేర్కొనని నిర్దేశం పాఠకుడికి కొంత, తరువాతి రచయితకు మరికొంత భారాన్ని మిగులుస్తుంది.

3. టెక్స్‌ఇన్ఫో: ఆదేశంలో ఇమిడిన వాక్యం

రిచర్డ్ స్టాల్‌మన్ ప్రారంభించిన గ్నూ ప్రాజెక్టు తన కరదీపికలకు టెక్స్‌ఇన్ఫో అనే రచనా పద్ధతిని ఎంచుకుంది. ఒకే మూలప్రతి నుంచి అచ్చు పుస్తకాన్నీ, తెర మీద చదివే పాఠాన్నీ తయారు చేయడం దీని లక్ష్యం. నిర్దేశాల విషయంలో టెక్స్‌ఇన్ఫో చూపిన శ్రద్ధ గమనార్హం. అందులో నిర్దేశానికి ప్రధానంగా మూడు ఆదేశాలు ఉన్నాయి. ‘ఎక్స్‌రెఫ్’ వాక్యారంభంలో వాడేది. అది ‘చూడుము’ అనే అర్థమిచ్చే ఇంగ్లీషు క్రియను పెద్ద అక్షరంతో తానే చేరుస్తుంది. ‘పీఎక్స్‌రెఫ్’ కుండలీకరణంలో వాడేది; అదే క్రియను చిన్న అక్షరంతో చేరుస్తుంది. ‘రెఫ్’ క్రియ లేకుండా గమ్యాన్ని మాత్రమే చూపుతుంది.

ఏకరూపతను ఇంత సూక్ష్మంగా ఆలోచించిన పద్ధతులు అరుదు. పదిమంది రచయితలు రాసినా అచ్చులో నిర్దేశం ఒకే విధంగా కనిపిస్తుంది: ముందు క్రియ, తరువాత విభాగ సంఖ్య, చదరపు కుండలీకరణంలో శీర్షిక, చివర పుట సంఖ్య. ఒకరు ‘ఫలానా అధ్యాయం’ అని, మరొకరు ‘ఫలానా భాగం’ అని రాసే అవకాశమే లేదు.

ఈ ఏకరూపతకు చెల్లించిన మూల్యం ఇంగ్లీషు వాక్యక్రమమే. క్రియ ముందు, గమ్యం తరువాత అనే వరుస ఆదేశంలోనే ఇమిడి ఉంది. భాషను బట్టి ‘చూడుము’ అనే మాటను, ‘విభాగం’, ‘పుట’ వంటి మాటలను మార్చుకునే ఏర్పాటు టెక్స్‌ఇన్ఫోలో ఉంది. జర్మన్ వంటి భాషలకు అది చాలుతుంది, ఎందుకంటే అక్కడ కూడా విధ్యర్థక క్రియ వాక్యాదిలో వస్తుంది. తెలుగుకు మాటలు మార్చినంత మాత్రాన సరిపోదు. ‘చూడండి విభాగం 3.2 [అమరికలు], పుట 27’ అనేది తెలుగు మాటలతో కూర్చిన ఇంగ్లీషు వాక్యం. మన వాక్యంలో ‘27వ పుటలోని 3.2వ విభాగం చూడండి’ అని క్రియ చివరకు రావాలి, పుటకూ విభాగానికీ విభక్తి సంబంధం ఏర్పడాలి.

ఇంకొక చిక్కు ఉంది. టెక్స్‌ఇన్ఫోలో భాగానికి పెట్టిన పేరే దాని చిరునామా. పాఠకుడికి కనిపించేదీ, యంత్రం వెతికేదీ సాధారణంగా అదే పేరు. అందువల్ల శీర్షికను మెరుగుపరచాలనుకున్న రచయిత దానికి వచ్చే నిర్దేశాలన్నింటినీ సవరించవలసి వస్తుంది. పేరు మారాక పాత లంకెలు నిలిచేందుకు ప్రత్యేకమైన ఏర్పాట్లు తరువాత చేయవలసి వచ్చింది. చిరునామాను, పలుకును ఒకటిగా చూడటం వల్ల వచ్చిన ఇబ్బంది ఇది.

4. పైథాన్ డాక్యుమెంటేషన్: చిరునామా, పలుకు వేరైన చోటు

పైథాన్ ప్రోగ్రామింగ్ భాష డాక్యుమెంటేషన్‌ను మొదట లేటెక్‌లో రాసేవారు. లెస్లీ లాంపోర్ట్ రూపొందించిన ఆ పద్ధతిలో రచయిత ఒక చోట గుర్తు పెడతాడు, మరొక చోట ఆ గుర్తును పేర్కొంటాడు. సంఖ్యను యంత్రం నింపుతుంది. గుర్తు దొరకకపోతే ఆ స్థానంలో రెండు ప్రశ్నార్థకాలు అచ్చవుతాయి. ఇది నిజాయితీ గల వైఫల్యం. నిర్దేశం తెగిందని రచయితకూ, పాఠకుడికీ కూడా కనిపిస్తుంది. తరువాత గేయోర్గ్ బ్రాండ్ల్ పైథాన్ కోసం స్ఫింక్స్ అనే ఉపకరణాన్ని తయారు చేశాడు. 2008లో వెలువడిన పైథాన్ 2.6 డాక్యుమెంటేషన్ ఆ ఉపకరణంతో వచ్చింది.

స్ఫింక్స్‌లో శీర్షికకు ముందు ఒక గుర్తును ఉంచుతారు. గ్రంథం మొత్తంలో ఆ గుర్తు ఒక్కటే ఉండాలి. నిర్దేశం ఆ గుర్తును పట్టుకుంటుంది, పాఠకుడికి మాత్రం శీర్షిక కనిపిస్తుంది. దీని ప్రయోజనం ఒక ఉదాహరణతో స్పష్టమవుతుంది. వరుసక్రమం గల దత్తాంశాలను వివరించే విభాగానికి ‘టైప్స్‌సెక్’ అనే గుర్తు లేటెక్ కాలం నుంచి ఉంది. పైథాన్ 2.7లో ఆ విభాగం శీర్షిక ఏడు రకాల పేర్లతో పొడుగ్గా ఉండేది. పైథాన్ 3లో ‘సీక్వెన్స్ టైప్స్’ తరువాత లిస్ట్, టపుల్, రేంజ్ అనే మూడు పేర్లే మిగిలాయి. భాషే మారింది, శీర్షిక మారింది, గుర్తు మారలేదు. ఆ విభాగానికి పంపే నిర్దేశాలు చెక్కుచెదరలేదు. టెక్స్‌ఇన్ఫోలో కలగలిసిన చిరునామా, పలుకు ఇక్కడ విడివడ్డాయి.

గుర్తుల పేర్లలో మాత్రం ఏకరూపత కనిపించదు. బోధినిలోని విభాగాల గుర్తులు ‘టట్’ అనే ఉపసర్గతో మొదలై అడ్డగీతతో విడివడతాయి. పాత గుర్తులు కలిపి రాసిన పొట్టి మాటలు. ఇది సంపాదకుల అలసత్వం అనిపించవచ్చు. కానీ చిరునామా అందంగా ఉండటం కన్నా స్థిరంగా ఉండటం ముఖ్యం. వీటిని నేడు ‘సంస్కరిస్తే’ ఇతర గ్రంథాల నుంచి వచ్చే నిర్దేశాలు కూడా తెగిపోతాయి. స్ఫింక్స్‌లో ఒక ప్రాజెక్టు మరొక ప్రాజెక్టు గ్రంథంలోని గుర్తును నేరుగా నిర్దేశించే వీలుంది కాబట్టి ఆ నష్టం ఎంతవరకు వ్యాపిస్తుందో చెప్పలేం. ఏకరూపతను కోరే విమర్శకుడు గుర్తుంచుకోవలసిన హద్దు ఇది.

‘ఎందుకు చూడాలి’ అన్న ప్రశ్నకు కూడా పైథాన్ గ్రంథం యూనిక్స్ కన్నా మెరుగైన జవాబు ఇస్తుంది. అందులోని ‘ఇవి కూడా చూడండి’ పెట్టెల్లో చాలా చోట్ల పేరు పక్కన ఒక వివరణ ఉంటుంది: ఫలానా పని చేసే మాడ్యూలు అని, ఫలానా నిర్ణయానికి మూలపత్రం అని. ఒక్క పంక్తి చేర్చడంతో వరుస నిర్దేశంగా మారుతుంది. తరువాతి సంపాదకుడికి తొలగించే అధికారం కూడా ఆ పంక్తి వల్లే వస్తుంది. కారణం కాలం చెల్లితే నిర్దేశమూ చెల్లినట్లే.

మూడవ ప్రశ్న విషయంలో స్ఫింక్స్ ప్రవర్తన మిశ్రమం. విభాగ గుర్తు దొరకకపోతే హెచ్చరిస్తుంది. ఫంక్షన్ పేరు వంటి వాటికి గమ్యం దొరకకపోతే, ప్రత్యేకంగా కోరితే తప్ప, హెచ్చరిక లేకుండా మామూలు అక్షరాలుగా అచ్చు వేస్తుంది. లేటెక్ ప్రశ్నార్థకాలలో ఉన్న నిజాయితీ ఇక్కడ లోపించింది. తెగిన నిర్దేశం అసలు నిర్దేశమే కానట్లు కనిపిస్తుంది. పైథాన్ సంపాదకులు ఇటీవలి సంవత్సరాలలో ఆ కఠిన పరీక్షను అమలులో పెట్టారు. అయితే పాత లోపాలన్నీ ఒక్కసారి దిద్దడం సాధ్యం కాదు. అందుకని లోపాలున్న దస్త్రాల జాబితాను వేరుగా ఉంచి, ఆ జాబితాలో లేని దస్త్రాలలోకి కొత్త లోపం రాకుండా అడ్డుకుంటున్నారు. గతాన్ని క్షమించి భవిష్యత్తును కట్టుదిట్టం చేసే ఈ పద్ధతి పెద్ద సమష్టి రచనలన్నింటికీ అనుసరణీయం.

యంత్రపరీక్షకు ఒక పరిమితి ఉంది. గమ్యం ఉందో లేదో అది చెప్పగలదు, ఆ గమ్యం తగినదో కాదో చెప్పలేదు. విభాగంలోని విషయాన్ని ఒకరు వేరే చోటికి తరలించి, గుర్తును పాత శీర్షిక దగ్గరే వదిలేస్తే పరీక్ష నెగ్గుతుంది, పాఠకుడు మాత్రం ఖాళీ ఇంటికి చేరతాడు. అందుచేత నిర్దేశాల బాధ్యతను పూర్తిగా యంత్రానికి అప్పగించలేం.

5. తెలుగు వాక్యంలో నిర్దేశం

నాలుగవ ప్రశ్న అనువాదానికి సంబంధించినది. పైథాన్ డాక్యుమెంటేషన్ అనువాదాలకు అధికారిక విధానాన్ని 2017లో ఒక ప్రతిపాదన పత్రం నిర్దేశించింది. మూలంలోని ప్రతి పేరానూ ఒక ఖండంగా తీసి, దాని కింద అనువాదం రాస్తారు. నిర్దేశం ఖండంలో గుర్తు రూపంలోనే ఉంటుంది. అనువాదకుడు దానిని తన వాక్యంలో తగిన చోట పెట్టాలి. మూలంలోని నిర్దేశాలకూ అనువాదంలోని నిర్దేశాలకూ పొంతన లేకపోతే స్ఫింక్స్ హెచ్చరిస్తుంది. నిర్దేశాన్ని వదిలేయకుండా ఈ తనిఖీ కాపాడుతుంది. కానీ అది చూసేది నిర్దేశాల సరిపోలికనే. వాక్యం తెలుగు వాక్యమో కాదో చూడదు.

చిక్కు ఎక్కడంటే, యంత్రం శీర్షికను ప్రథమా విభక్తిలో తెచ్చి వాక్యంలో పెడుతుంది. తెలుగు నామానికి విభక్తి ప్రత్యయం చేరితే చాలా చోట్ల ప్రకృతే మారుతుంది. కరదీపికల్లో సహజంగా వచ్చే మూడు శీర్షికలను చూద్దాం. ‘ముద్రణ’ అనే మాటకు ముద్రణలో, ముద్రణకు, ముద్రణను అని ప్రత్యయం నేరుగా చేరుతుంది. ‘దస్త్రం’ అనే మాటకు దస్త్రంలో అని చేరినా, దస్త్రానికి, దస్త్రాన్ని అన్నప్పుడు చివరి అక్షరం మారుతుంది. ‘అమరికలు’ అనే బహువచనానికి అమరికలలో, అమరికలకు, అమరికలను అని ప్రతి రూపంలోనూ ‘లు’ ‘ల’ అవుతుంది. యంత్రం తెచ్చిన శీర్షిక పక్కన ప్రత్యయాన్ని అతికిస్తే ‘అమరికలులో’, ‘దస్త్రంకి’ వంటి రూపాలు ఏర్పడతాయి. ఇ, టి, తి అనే ఔపవిభక్తికాలు చేరే మాటల సంగతి మరీ కష్టం. ముఖపుటకు ఎవరైనా ‘ముంగిలి’ అని చక్కటి తెలుగు పేరు పెడితే, నిర్దేశంలో అది ‘ముంగిటి’ కావాలి. ‘ఎలా స్థాపించాలి?’ వంటి ప్రశ్నారూప శీర్షికకు విభక్తి చేర్చే దారే లేదు.

క్రియ చివర వచ్చే భాషలన్నింటికీ ఇదే ఇబ్బంది ఉందనుకోరాదు. జపనీస్‌లో విభక్తి నిపాతం నామం తరువాత చేరుతుంది, నామం మారదు. అందువల్ల యంత్రం తెచ్చిన శీర్షిక అక్కడ చక్కగా ఒదుగుతుంది. కొరియన్‌లో నామం మారకపోయినా, అది అచ్చుతో ముగిసిందా హల్లుతో ముగిసిందా అన్నదాన్ని బట్టి నిపాతం మారుతుంది. ముందు వచ్చే పేరు ఏదో తెలియని చోట వారు రెండు రూపాలనూ కుండలీకరణంతో కలిపి రాయడం పరిపాటి. తెలుగులో మారేది ప్రత్యయం కన్నా ముందు ప్రకృతి కాబట్టి ఆ ఉపాయం మనకు పనికిరాదు.

సమష్టిగా రాసే తెలుగు వచనంలో ఈ ఘర్షణ కనిపించే చోటు తెలుగు వికీపీడియా. 2003లో మొదలైన ఆ విజ్ఞానసర్వస్వం కరదీపిక కాకపోయినా, దాని వ్యాసాలు లంకెల మీదే నడుస్తాయి. లంకె కుండలీకరణం మూసిన వెంటనే తెలుగు అక్షరాలు రాస్తే అవి కూడా లంకెలో భాగంగా కనిపించే ఏర్పాటు మీడియావికీలో ఉంది. ‘విజయవాడ’కు లంకె ఇచ్చి పక్కన ‘లో’ అని రాస్తే ‘విజయవాడలో’ అనే మొత్తం మాట లంకె అవుతుంది. కానీ ప్రకృతి మారే మాటలకు ఇది చాలదు. అక్కడ గమ్యాన్ని ఒకవైపు, కనిపించే రూపాన్ని మరొకవైపు వేరుగా రాయాలి. అంటే చిరునామా, పలుకు వేరు చేయవలసిన అవసరాన్ని తెలుగు రచయితలకు సిద్ధాంతం కన్నా ముందు విభక్తి నేర్పింది.

లిపి కూడా ఒక పాఠం నేర్పుతుంది. ‘పైథాన్‌లో’ అన్న మాటలో పొల్లుకూ ప్రత్యయానికీ మధ్య కంటికి కనిపించని ఒక విభజన సంకేతం ఉంటుంది. ఎవరైనా ‘లో’ను మాత్రమే తొలగిస్తే ఆ సంకేతం మాట చివర మిగిలిపోతుంది. చదివేవారికి రెండు మాటలూ ఒకటే, యంత్రానికి వేర్వేరు. ‘సెట్టింగ్స్’, ‘సెట్టింగులు’ వంటి రూపభేదాలు వీటికి అదనం. తెలుగు శీర్షికనే చిరునామాగా వాడితే ఇటువంటి కారణాలతో నిర్దేశాలు తెగుతాయి, తెగిన చోటు కంటికి ఆనదు.

6. పరిష్కారం: మన సంప్రదాయంలోని రెండు రూపాలు

ఈ చిక్కుకు పరిష్కారం బయట వెతకనవసరం లేదు. పదాన్ని దాని అర్థం కోసం కాక ఆ పదంగానే ఎత్తిచూపడాన్ని మన వ్యాకరణ సంప్రదాయం అనుకరణం అంటుంది. సంస్కృతంలో ‘ఇతి’ చేసే పనిని తెలుగులో ‘అని’, ‘అను’, ‘అనే’ చేస్తాయి. అనుకరించిన పదానికి విభక్తి చేరదు. దాని తరువాత వచ్చే సామాన్య నామం ఆ భారాన్ని మోస్తుంది. ‘అమరికలు’ అనే విభాగంలో, ‘దస్త్రం’ అనే విభాగానికి, ‘ఎలా స్థాపించాలి?’ అనే విభాగాన్ని, ఇలా శీర్షిక ఏదైనా చెక్కుచెదరదు. యంత్రం తెచ్చే ప్రథమావిభక్తి రూపం ఇక్కడ తప్పు కాదు, అవసరం.

రెండవది నిఘంటువుల ‘చూ.’ రూపం. ఇది వాక్యం కాదు, సంకేతం. అందుకే క్రియ ముందు వచ్చినా తెలుగు చెవికి ఎబ్బెట్టుగా ఉండదు. ‘(చూ. అమరికలు)’ అన్నప్పుడు కూడా మాట మార్పు లేకుండా నిలుస్తుంది. టెక్స్‌ఇన్ఫో కుండలీకరణానికి ఒక ఆదేశాన్ని, వాక్యారంభానికి మరొక ఆదేశాన్ని కేటాయించిన విధంగానే, తెలుగు కరదీపికలలో కుండలీకరణానికి ‘చూ.’ను, నడిచే వాక్యానికి ‘అనే విభాగం’ అన్న అనుకరణ రూపాన్ని నియమించుకోవచ్చు. ఈ రెండే వాడాలని మొదటే నిర్ణయించుకుంటే పదిమంది రాసినా పలుకు ఒకటిగా ఉంటుంది.

ఈ ప్రతిపాదనకు ఎదురయ్యే ఆక్షేపణలు రెండు. మొదటిది, ‘అనే విభాగం’ పదే పదే వస్తే వచనం బరువెక్కుతుంది. ఇది నిజమే. ఒక పేరాలో మూడు నిర్దేశాలు ఉంటే చదవడం కష్టమవుతుంది. అటువంటి చోట కనిపించే రూపాన్ని రచయితే రాసి, గుర్తును దానికి జతచేసే వీలు స్ఫింక్స్‌లో ఉంది. అప్పుడు ‘అమరికలలో’ అని నిరాఘాటంగా రాయవచ్చు. అయితే రేపు శీర్షిక ‘ఐచ్ఛికాలు’ అని మారితే ఆ మాట పాతదిగా మిగిలిపోతుంది, గమ్యం సరైనదే కాబట్టి యంత్రం హెచ్చరించదు. కాబట్టి ఈ స్వేచ్ఛను అనివార్యమైన చోట్లకు పరిమితం చేయాలి. వచన సౌష్ఠవానికీ, మార్పును తట్టుకునే శక్తికీ మధ్య ఎంపిక ఇది. రెండూ పూర్తిగా దక్కవు.

రెండవ ఆక్షేపణ సామాన్య నామం గురించి. ఒకరు విభాగం అంటారు, మరొకరు భాగం, ఇంకొకరు ప్రకరణం, సెక్షన్ అంటారు. అనుకరణ రూపం శీర్షికను కాపాడినా ఈ మాట చెదిరితే ఏకరూపత దక్కదు. ఇది పారిభాషిక పదనిర్ణయం. గ్రంథంలోని అంతస్తులు ఎన్ని ఉన్నాయో లెక్కించి, ఒక్కొక్క దానికి ఒక్క మాటను ఆరంభంలోనే ఖాయం చేసుకోవాలి. ఏ మాట అన్నదాని కన్నా ఒకే మాట అన్నది ముఖ్యం.

వీటితో పాటు విడిచిపెట్టవలసినవి కొన్ని ఉన్నాయి. ‘పైన చెప్పినట్లు’, ‘కింద వివరించిన’, ‘ఇంతకు ముందు చూసిన’ వంటి స్థానవాచక నిర్దేశాలు సమష్టి రచనకు సరిపడవు. మరొక రచయిత పేరాను తరలించిన రోజున ‘పైన’ కిందికి వస్తుంది. ఆ తప్పును ఏ యంత్రమూ పట్టుకోదు, ఎందుకంటే దానికి అది నిర్దేశమనే తెలియదు. తెలుగు పరిశోధన వ్యాసాలకు ఈ పదబంధాల మీద మక్కువ ఎక్కువ. పలువురు రాసే సంపుటాలలోనైనా వాటిని పేరున్న నిర్దేశాలుగా మార్చుకోవడం మేలు.

7. ముగింపు

యూనిక్స్ కరదీపిక చిరునామాను స్థిరపరచింది కానీ కారణం చెప్పలేదు. టెక్స్‌ఇన్ఫో పలుకును ఏకరూపం చేసింది కానీ ఒక భాష వాక్యక్రమాన్ని అందులో బిగించింది. పైథాన్ డాక్యుమెంటేషన్ చిరునామాను, పలుకును విడదీసింది. పలుకును శీర్షికతో నింపే అలవాటు వల్ల విభక్తి గల భాషలకు కొత్త సమస్యను మిగిల్చింది. ఈ మూడింటినీ కలిపి చూస్తే, ఏకరూపత ఎక్కడ ఉండాలన్నది ముందుగా తేల్చుకోవలసిన ప్రశ్న అని తెలుస్తుంది. చిరునామాలో అది తప్పనిసరి. పలుకులో అది భాష అనుమతించిన మేరకే.

లిబ్రేఆఫీస్, గ్నోమ్, కేడీఈ వంటి సాఫ్ట్‌వేర్ల తెరలు ఇప్పటికే తెలుగులోకి వచ్చాయి. తెర మీది బొత్తానికి ఒక్క మాట చాలు కాబట్టి విభక్తి సమస్య అక్కడ అంతగా బయటపడదు. కరదీపికలో వాక్యాలు ఉంటాయి. వాటిని రాసే స్వచ్ఛంద రచయితలకు సాంకేతిక నైపుణ్యం ఉంటుంది. ఔపవిభక్తికం గురించి, అనుకరణం గురించి వారికి చెప్పవలసినవారు మనం. ఆ మాట మొదట్లోనే చెప్పకపోతే ‘అమరికలులో’ వంటి రూపాలు వేల పుటలలో యంత్రం ద్వారా పునరుక్తమై, చదివి నేర్చుకునే పిల్లలకు అవే తెలుగుగా అలవాటవుతాయి. నిర్దేశాల నియమావళి ఒక్క పుటకు మించదు. ఏ తెలుగు కరదీపిక పని మొదలైనా, మొదటి వాక్యం అనువదించక ముందే ఆ పుటను రాసి ఉంచడం భాషాశాఖలు చేయగలిగిన సాయం.